దుప్పటి కొస ఎవరికి తట్టాలి?

మా నవకల్పనల నిగ్గు తేల్చు మండలి గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటారు. తాత ఫైలు పెడితే మనవడు వెళ్ళి జవాబు తెచ్చుకోవాలనీ, మా కుర్చీలకు చెదలు పట్టినా వాటిలో కూర్చున్నవాళ్ళకు చీమ కుట్టినట్టయినా ఉండదనీ అంటారు. అవన్నీ పాతమాటలు. ఈమని దక్షిణామూర్తిగారు అధ్యక్షులుగా వచ్చాక మా దగ్గర ఫైలనేది ఆగితే ఒట్టు. అదెలా సాధ్యపడిందో చెప్పాలంటే పరిశీలనాధికారిగా మొదటినుంచీ పక్కనే ఉన్న నేనే చెప్పాలి.

మా పని పైకి చాలా తేలిక. ఎవరో ఒక కొత్త యంత్రం కనిపెడతారు. "ఇది నాది, నన్నడక్కుండా ఇంకెవరూ చెయ్యకూడదు" అని పేటెంటు అడుగుతారు. ఇవ్వాలా వద్దా అన్నది మేం తేల్చాలి. అందుకు చట్టంలో ఒక కొలత ఉంది. ఆ పనిలో సామాన్యమైన నేర్పు ఉన్న మనిషికి అది ఇట్టే తట్టేదైతే పేటెంటు ఇవ్వకూడదు, తట్టనిదైతే ఇవ్వాలి. చిక్కల్లా ఏమిటంటే, ఆ సామాన్యుడెవరో మాలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. అలాంటి మనిషిని ఊహించుకోండి అన్నారు చట్టం రాసినవాళ్ళు. ఊహించుకోవడమన్నది మా సర్వీసు నిబంధనల్లో ఎక్కడా లేదు.

దక్షిణామూర్తిగారు చేరిన మొదటి వారంలోనే ఈ లోపాన్ని పట్టేశారు. సమావేశం పెట్టి బల్ల మీద అరచేత్తో కొట్టారు.

"ఎవరి బుద్ధిని ప్రమాణముగా గైకొని ఇన్నేళ్ళుగా తీర్పులు వెలువరించుచున్నామో, ఆ వ్యక్తిని ఒక్కసారియైనను పిలిచి అడిగియుంటిమా? ఇది సహజన్యాయ సూత్రములకు విరుద్ధము. సామాన్యుని తక్షణమే నియమించవలెను. అనంతశయనం, ప్రకటన ఇవ్వుడు."

అనంతశయనం అంటే నేనే. ఆయన మాట్లాడితే ఉత్తరువు చదివినట్టుంటుంది. ఇంట్లో మంచినీళ్ళు కూడా ఇలాగే అడుగుతారని వాళ్ళ డ్రైవరు చెప్పాడు.

ప్రకటన ఇచ్చాం. అర్హతలు చట్టంలో ఉన్నవే: అభ్యర్థికి తన వృత్తిలో అందరికీ తెలిసినదంతా తెలిసి ఉండాలి, సొంతంగా మాత్రం ఒక్క ఆలోచన కూడా వచ్చి ఉండకూడదు. రెండో అర్హత చదివి మా ఆఫీసులోంచే చాలామంది దరఖాస్తు చేశారు. సిబ్బంది పనికిరారని అధ్యక్షులు కొట్టేశారు. ఉన్నవాళ్ళందరూ సామాన్యులైపోతే ఇక అధికారులెవరని అడిగారు.

ఇంటర్వ్యూ గదిలో అభ్యర్థుల కోసం వేసిన కుర్చీకి ఒక కాలు పొట్టి. నిజానికి అది మరమ్మతుకు డబ్బు మంజూరు కాక అలా ఉండిపోయింది గానీ, ఆ రోజు మాకు పెద్ద గీటురాయిలా పనికొచ్చింది. మొదటివాడు కూర్చోగానే కుర్చీ ఊగింది. జేబులోంచి బస్సు టికెట్టు తీసి, మడిచి కాలికింద పెట్టాడు. "సృజనాత్మక ప్రవృత్తి గలదు" అని రాసి పంపేశాం. తరవాత వచ్చినామె కుర్చీని గోడకి ఆనించుకుంది. ఆవిడా పోయింది. అలా ఒకరి తరవాత ఒకరు ఏదో ఒక ఉపాయం చేసి చెడిపోతుంటే, ఈ దేశంలో సామాన్యుడు దొరకడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసివచ్చింది. చివరికి గుడిపూడి పానకాలు వచ్చాడు. మంగళగిరి దగ్గర లాండ్రీ పెట్టి, నడిపి, మూసేసిన మనిషి. కుర్చీ ఊగుతుంటే ఇంటర్వ్యూ అయ్యేదాకా తనూ దానితోపాటు ఊగుతూ కూర్చున్నాడు.

"కుర్చీ ఊగుచున్నది. తమకేమియు తోచుట లేదా?" అని అడిగారు అధ్యక్షులు.

"ఊగితే ఊగనీండి. నా సొమ్మేం పోయింది?" అన్నాడు పానకాలు.

అధ్యక్షులకు కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది. లేచి కరచాలనం చేశారు. గృహోపకరణాల శాఖకు అధీకృత సామాన్యుడుగా పానకాలుకు ఆ సాయంత్రమే నియామకపు ఉత్తరువు ఇచ్చాం.

ఇక పరీక్ష విధానం. యంత్రం తెచ్చి సామాన్యుడి ముందు నడిపిస్తారు. చూడగానే ఆయన నోటివెంట వచ్చే మొదటి మాటను నేను రాసుకుంటాను. "ఓస్", "ఓస్, ఇంతేనా", "ఇదేం బ్రహ్మవిద్యా" అంటే అది అందరికీ తట్టేదేనని లెక్క, దరఖాస్తు కొట్టివేత. "అమ్మో", "ఔరా", "ఎట్టెట్టా?" అంటే కొత్తది, పేటెంటు ఇవ్వవచ్చు. "అబ్బో" దగ్గర మాత్రం అభిప్రాయభేదం వచ్చింది. మనవాళ్ళు మెచ్చుకోవడానికీ అదే అంటారు, వెక్కిరించడానికీ అదే అంటారు. అందుకని "అబ్బో"ని ఉపసంఘానికి నివేదించాలని తీర్మానించాం.

ఉపసంఘానికి ఎప్పుడూ పని పడలేదు. పానకాలు "అబ్బో" అనలేదు. అసలు "ఓస్, ఇంతేనా" తప్ప ఏమీ అనలేదు. అన్నం పొంగకుండా చూసుకునే గిన్నె వచ్చింది. "ఓస్, ఇంతేనా! ఆవిరి పుడితే మూత లేస్తది, మూత లేస్తే మంట తగ్గుద్ది. దీనికింత హడావుడెందుకండీ?" అన్నాడు. గుడ్డివాళ్ళు దారి తెలుసుకునే కర్ర వచ్చింది, నిమిషంలో పోయింది. కొబ్బరికాయ పీచు తీసే మర వచ్చింది. అది పూర్తిగా గదిలోకి రాకముందే పానకాలు పని ముగించాడు.

కొలత సరిగ్గా ఉందో లేదో ఒకసారి సరిచూడమని అధ్యక్షులు ఆదేశించారు. ప్రపంచం ఒప్పుకున్న పాత వస్తువులు తెప్పించి పానకాలు ముందు పెట్టాం. గొడుగు చూపించాం. "తాటాకు అడ్డం పెట్టుకోటమే గదండీ" అన్నాడు. పిన్నీసు చూపించాం. "తీగ వంచితే అదే పిన్నీసు" అన్నాడు. సైకిలు తొక్కి చూపించాం. "రెండు చక్రాలు పెట్టి తొక్కితే పోక ఏం జేస్తది?" అన్నాడు. అధ్యక్షులు పొంగిపోయారు.

"మన ప్రమాణము ప్రపంచములోకెల్ల ఉన్నతమైనది. సైకిలు కనుగొన్నవాడు సైతము మన గడప దాటజాలకపోయెను!"

ఆ ఏడాది మా దగ్గర ఒక్క ఫైలూ మిగల్లేదు, ఒక్క పేటెంటూ పుట్టలేదు. పైవాళ్ళు అధ్యక్షులకు శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చారు. ఇలా నల్లేరుమీద బండిలా నడిచిపోతున్న మా పరిపాలనకు నూతక్కి శేషారత్నం అడ్డం వచ్చింది.

శేషారత్నానిది ఒంగోలు. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం మూడు వీధుల అవతలికి వినపడుతుంది. మెకానికల్ డిప్లొమా చదివి, ఊళ్ళో ఆస్పత్రుల దుప్పట్లన్నీ ఉతికి ఇస్త్రీ చేసిచ్చే లాండ్రీ నడుపుతోంది. ఉతికే మెషీన్లున్నాయి, ఇస్త్రీకి రోలర్లున్నాయి. మధ్యలో ఒక పని మాత్రం ఏ మెషీనూ చెయ్యదు. ఉతికిన దుప్పట్లు పిండేసరికి ఒకదాన్నొకటి పెనవేసుకుని ఒక పెద్ద ముద్దయి బయటికొస్తాయి. ఆ ముద్దలోంచి ఒక్కొక్కటీ లాగి, కొస వెతికి, విదిలించి, రోలరుకు అందించడానికి ఆడవాళ్ళు నిలబడాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తడి దుప్పట్లు విదిలించి విదిలించి కొన్నాళ్ళకి వాళ్ళ భుజాలు పడిపోతాయి. శేషారత్నం తల్లి కూడా అదే పని చేసి, చివరికి జడ వేసుకోవడానికి చెయ్యి పైకెత్తలేకపోయింది.

ఆ కొస వెతికే మెషీనే శేషారత్నం కనిపెట్టింది. పేటెంటుకు పెట్టకముందు, మంచిచెడ్డలు చెబుతారని ఒక పెద్ద కంపెనీవాళ్ళకు చూపించింది. వాళ్ళు కాఫీ ఇచ్చి, ఆలోచిస్తామని పంపేశారు. బాగానే ఆలోచించారు. ఆర్నెల్లు తిరక్కుండా అచ్చం అలాంటి మెషీనే రంగు మార్చి బజారులోకి తెస్తున్నట్టు ప్రకటించారు. పేటెంటు వస్తే ఆ మెషీను శేషారత్నానిది. రాకపోతే ఎవరిదైనా కావచ్చు, అంటే కంపెనీది. అడ్డుచెప్పడానికి వాళ్ళు ఒక వకీలును కూడా మా మండలికి పంపారు.

మెషీను లారీలో వచ్చింది. ప్రదర్శన రోజున హాల్లో కాలు పెట్టే సందు లేదు. టైపిస్టులు, క్యాంటీనువాళ్ళు, లిఫ్టు నడిపేవాడు, అందరూ వచ్చారు. అధ్యక్షులు మాత్రం రాలేదు. చూసి సంతకం పెట్టడం ఆయన అలవాటు కాదు. తన గదిలో కూర్చుని ఆ యంత్రం గురించి ఇవ్వవలసిన ఉపన్యాసం రాసుకుంటున్నారు.

శేషారత్నం మీట నొక్కింది. ఇనపచెయ్యి ఒకటి దిగి, ముద్దలోంచి ఒక దుప్పటిని ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని పైకెత్తింది. దుప్పటి వేలాడింది. వేలాడిన చివరల్లో అన్నిటికన్నా కిందికి దిగినదాన్ని రెండో చెయ్యి పట్టుకుంది. అది కొస. ఎక్కడ పట్టుకుని ఎత్తినా సరే, అడుక్కి దిగేది కొసే. ఆ కొస దగ్గర్నుంచి మూడో చెయ్యి అంచు వెంబడి జారుకుంటూ వెళ్ళి రెండో కొస పట్టుకుంది. దుప్పటి తెరలాగా విచ్చుకుని రోలరుకిందికి వెళ్ళిపోయింది. క్యాంటీనువాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కలం పట్టుకుని పానకాలు వైపు చూశాను.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు పానకాలు. "పైకెత్తితే కొస కిందికొస్తది. పిలకాయల్నడిగినా చెప్తారు."

"అదియే మా వాదన!" అన్నాడు కంపెనీ వకీలు. "దుప్పటి కొస క్రిందికి వ్రేలాడుట భూమ్యాకర్షణకు సంబంధించిన విషయము. భూమ్యాకర్షణపై ఈమెకు హక్కు కల్పించుట ప్రజాహితము కాదు."

"అంత తెలిసిన ముక్కైతే మీ కంపెనీవాళ్ళు నేను జూపిచ్చిందాకా ఎందుకు జెయ్యలేదయ్యా?" అంది శేషారత్నం. "మీ ఆకర్షణ అప్పుటిదాకా యాడికి బొయ్యింది?"

వకీలు కళ్ళజోడు తుడుచుకున్నాడు. శేషారత్నం పానకాలు మీదికి తిరిగింది.

"ఏందన్నా నువ్వు, లాండ్రీ నడిపినోడివే గదా. కొస వెతుక్కోటానికి మీ షాపులో ఏం జేసేవాడివి?"

"చేత్తో తడుంకునేవాళ్ళం."

"ఎన్నాళ్ళు?"

"షాపు మూసేసిందాకా."

"మరి పిలకాయల్నడగలేకపోయావా?"

పానకాలు నిజాయితీపరుడు. "నాకు తట్టలేదమ్మా" అన్నాడు. వెంటనే నాలిక్కరుచుకున్నాడు. అయినా లెక్కకొచ్చేది మొదటి మాటే, "ఓస్, ఇంతేనా" అని అప్పటికే రాసేశాను.

కొట్టివేత ఉత్తరువు సంతకానికి వెళ్ళేలోపే శేషారత్నం అధ్యక్షుల గదిలోకి దూసుకుపోయింది. నేను వెనకాల పరిగెత్తాను.

"సారూ, మీ చట్టంలో ఏముంది? సామాన్యుడికి తట్టిద్దా అనుంది. తట్టటమంటే చూడకముందు తట్టాల గానీ, చూసినాక తట్టేదేంది? లెక్కకి జవాబు జూసినాక ఎవుడికి రాదు? ముందు చిక్కు జెప్పండి, ఉపాయం జెప్పమాకండి. తట్టిందా, నా మెషీను నేను దీసకపోతా."

అధ్యక్షులు నాచేత చట్టంలోని ఆ ముక్క చదివించుకుని విన్నారు. ఆయన దగ్గర నాకు నచ్చేది ఇదే. చట్టం ఫలానా విధంగా ఉందంటే కాదనరు.

"అర్జీదారు లేవనెత్తిన అంశము విచారణార్హము. ఇకమీదట సామాన్యునికి సమస్య మాత్రమే చూపవలెను. అయితే ప్రస్తుత సామాన్యుడు సమాధానమును చూచియున్నాడు. కావున అతడు దానిని మరచిపోవలెనని ఆదేశించడమైనది."

పానకాలుకు మరుపు నిమిత్తం జీతంతో కూడిన సెలవు మంజూరు చేశాం. తిరిగొచ్చాక మరిచిపోయినట్టు ధ్రువపరచడానికి ప్రభుత్వ వైద్యుణ్ణి నా గదికి పిలిపించాం.

"ఏం మర్చిపోయావో చెప్పు" అన్నాడు వైద్యుడు.

"దుప్పటిని పైకెత్తితే కొస కిందికి రావటం మర్చిపోయానండీ" అన్నాడు పానకాలు. "అదొక్కటే గాదు, అంచు ఎంబడి జారటం గూడా మర్చిపోయా. బాగా గుర్తుపెట్టుకుని మరీ మర్చిపోయానండీ."

వైద్యుడు సంతకం పెట్టనన్నాడు. ఇంకొక సామాన్యుణ్ణి నియమించాలంటే పోస్టు మంజూరుకే రెండేళ్ళు పడుతుంది. ఈలోగా కంపెనీ మెషీన్లు బజారు నిండిపోతాయి. ఉన్న సిబ్బందిలో చూడనివాణ్ణి ఎవరినైనా పెడదామంటే, ఆ రోజు హాల్లో లేనివాడు లేడు. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, కొత్త నిబంధన రాసుకున్నాం గానీ దాన్ని నడిపే మనిషి లేడు.

"ఎందుకు లేరు?" అంది శేషారత్నం, అధ్యక్షుల ముందే. "ఆరోజు పెద్దసారు రాలేదుగా."

నేను బల్ల మీది ఫైళ్ళు సర్దడం మొదలుపెట్టాను. దక్షిణామూర్తిగారు మాత్రం నిటారుగా కూర్చున్నారు. ఆయనకు ఏ పదవీ చేదు కాదు. అప్పటికే ఆయన దగ్గర క్రీడాసంఘం, గ్రంథాలయ కమిటీ, పూలమొక్కల పర్యవేక్షణ ఉన్నాయి.

"సంస్థ ప్రయోజనముల దృష్ట్యా సామాన్యుని పదవికి పూర్తి అదనపు బాధ్యతలు స్వీకరించుటకు సిద్ధముగా నున్నాను" అన్నారు.

"వృత్తిలో నేర్పుండాలి గదండీ" అన్నాను మెల్లిగా.

"విద్యార్థి దశయందు స్వయముగా బనియన్లు ఉతుకుకొనియుంటిని."

అదీ ఉత్తరువులో చేర్చాం. గుమ్మం మీద అధ్యక్షులవారి పేరుకింద "సామాన్యుడు (పూ.అ.బా.)" అని కొత్త బోర్డు తగిలించాం.

మర్నాడు పాత రికార్డుల గది ఖాళీ చేయించి, ఒంగోలు నుంచి తెచ్చిన తడి దుప్పట్ల ముద్దను నేలమీద పోశాం. ఇచ్చిన చిక్కు ఇంతే: ఈ ముద్దలోంచి ఏ దుప్పటి కొసనైనా తడుముకోకుండా పట్టుకునే ఉపాయం చెప్పాలి. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని రాసుకోవడానికి నేను కూర్చున్నాను. కిటికీ అవతల ఒక పక్క శేషారత్నం, ఇంకో పక్క వకీలు, మధ్యలో పానకాలు నిలబడ్డారు. తన కుర్చీలో కూర్చున్నవాడు ఎలా పనిచేస్తాడో చూడాలని పానకాలు కుతూహలం.

అధ్యక్షులు కోటు విప్పి నా చేతికిచ్చారు. ముద్ద చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేశారు. తరవాత ఒక దుప్పటిని పట్టుకుని లాగారు. దానితోపాటు మిగతావన్నీ కూడబలుక్కున్నట్టు కదిలివచ్చాయి. ఇంకా గట్టిగా లాగారు. చేతికొచ్చింది వచ్చినట్టే వచ్చి, జారిపోయి, ఆయన వెనక్కి పడ్డారు.

"ప్రథమ ప్రయత్నము పాక్షికముగా ఫలించినది. వ్రాసికొనుడు" అన్నారు నేలమీదినుంచే.

రాసుకున్నాను. రెండోసారి ముద్దని నేలమీద పరచబోయారు. పరిచిన దుప్పటి మీద నిలబడితే తప్ప ఇంకోటి పరవడానికి చోటు లేదు. నిలబడితే ఆ దుప్పటి లేవదు. కాసేపటికి నడుముకొకటీ, కాళ్ళకొకటీ, మెడకొకటీ చుట్టుకుని, ఏది తను కట్టుకున్న పంచో ఏది ఆస్పత్రి దుప్పటో తెలియని స్థితికి వచ్చారు. మధ్యాహ్నం భోజనానికి లేవమంటే లేవలేదు. "దుప్పటులు తయారగు దశయందే ప్రతి కొసకును ఒక గంట కుట్టించవలెనని సిఫారసు చేయవచ్చును" అన్నారు. నేను రాసుకుంటుంటే, "వలదు, కొట్టివేయుడు" అన్నారు.

కిటికీ అవతల శేషారత్నం మొహం విప్పారుతోంది. వకీలు మొహం మాడిపోతోంది.

పొద్దు వాలుతుండగా అధ్యక్షులకు నిజంగానే కోపం వచ్చింది. ఒక దుప్పటిని ఉండచుట్టి, "నీ అమ్మ కడుపు మాడ!" అని పైకి విసిరేశారు. ఆయన నోట వాడుకభాష వినడం నాకదే మొదలు. దుప్పటి వెళ్ళి ఆగి ఉన్న ఫ్యాను రెక్కకు తగులుకుంది. విచ్చుకుని వేలాడింది. దాని చివర ఒకటి వచ్చి సరిగ్గా ఆయన ముక్కుకు తగిలింది. చెమట తుడుచుకోవడానికి దాన్ని అందుకున్నారు. తుడుచుకుంటూ ఆగిపోయారు. చేతిలోది కొస.

ఇంకో దుప్పటి విసిరారు. మళ్ళీ కొసే దిగింది. మూడోదీ అంతే.

తలుపు తోసుకుని బయటికొచ్చారు. వెనకాల తోకలాగా ఒక దుప్పటి ఈడ్చుకొస్తోంది.

"ఓస్, ఇంతేనా!" అన్నారు. "పైకెత్తినచో కొస క్రిందికి వచ్చును! ఎవరును తెలుపకుండగనే తట్టినది!"

వకీలు ఆయన కాళ్ళకు దండం పెట్టినంత పనిచేశాడు. "సమస్య మాత్రమే చూచి సామాన్యుడు సమాధానమును కనుగొనెను. ఇక వాదించవలసినది లేదు. కేసు ముగిసినది" అన్నాడు.

శేషారత్నం కిటికీ చువ్వలు పట్టుకుని, ఫ్యానుకు వేలాడుతున్న తన దుప్పట్లకేసి చూస్తూ ఉండిపోయింది. న్యాయం తనే అడిగింది, అడిగినట్టే చేశాం. పానకాలు దగ్గరికెళ్ళి, "ఏం జేస్తామమ్మా, ఇట్టా అయిద్దనుకోలే" అని గొణిగాడు.

నేను మామూలు ప్రకారం ధ్రువపత్రం తెచ్చి అధ్యక్షుల ముందు పెట్టాను. పానకాలు రోజూ సంతకం పెట్టే కాగితమే. ఏ కాగితమూ చదవకుండానే సంతకం పెట్టే దక్షిణామూర్తిగారు ఆ రోజు మొదటిసారి చదివారు. సొంత బుద్ధికి సంబంధించిన కాగితమని కాబోలు.

"'నేను ఎట్టి విశేష ప్రజ్ఞయు, ఊహాశక్తియు లేని కేవల సామాన్యుడనని ఇందుమూలముగా ధ్రువపరచడమైనది'... ఇదేమి?"

"సామాన్యుడి సంతకం అక్కడండి."

"నేను అదనపు బాధ్యతలు మాత్రమే స్వీకరించియుంటిని."

"బాధ్యత ఏదైనా కాగితం ఒకటేనండి. మీరే ఆమోదించారు."

ఆయన కలం మూత తీశారు. మళ్ళీ పెట్టారు. వకీలుకు తొందర ఎక్కువైంది.

"లాంఛనమాత్రమేనండి. తమరు సామాన్యులన్నది ఇక్కడ అందరికీ తెలిసినదే కదా" అన్నాడు.

"ఎవరికి తెలిసినది?"

"అంటే... చట్టరీత్యా తమరు కేవలం సామాన్యులని..."

"కేవలమా?"

"ఊహాశక్తి బొత్తిగా లేదని నా ఉద్దేశం కాదండి. లేదని తమరు ఒక్క సంతకం పెడితే చాలు."

అధ్యక్షుల చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు శేషారత్నం కిటికీ దగ్గర్నుంచి ఇవతలికొచ్చింది. ఆమె గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. అలిసిపోయిన గొంతు.

"సారూ, నాకు ఏళ్ళు పట్టింది. ఎన్ని దుప్పట్లు చింపానో, ఎన్ని మోటార్లు కాల్చానో నాకే లెక్కలేదు. ఈ పానకాలన్న జీవితమంతా లాండ్రీలో ఉండి తెలుసుకోలేకపోయాడు. కంపెనీలో పెద్ద పెద్ద ఇంజనీర్లకి తట్టలేదు. మీకు పొద్దుగూకేలోపల తట్టింది. మరి మీరు సామాన్యులెట్టా అవుతారు?"

దక్షిణామూర్తిగారు ఆమెకేసి చూశారు. వకీలుకేసి చూశారు. భుజం మీది దుప్పటిని ఉత్తరీయంలా సర్దుకున్నారు. సామాన్యుణ్ణని సంతకం పెడితే దరఖాస్తు పోతుంది, ఆయన పరువు కూడా పోతుంది. పెట్టకపోతే రెండూ మిగులుతాయి. అంత తేలికైన తీర్పు ఆయన ఉద్యోగంలో ఇంకొకటి వచ్చి ఉండదు.

"అనంతశయనం, వ్రాసికొనుడు" అన్నారు. "పరీక్షాధికారి అసామాన్య ప్రజ్ఞావంతుడగుటచేత మాత్రమే ఈ ఉపాయము ఆయనకు స్ఫురించినది. ఇది సామాన్యులకు తట్టునది కాదు. కంపెనీ తరఫు న్యాయవాది పరీక్షాధికారిని సామాన్యుడని పలుమారు సంబోధించిన అంశము తీవ్రముగా పరిగణించడమైనది. పేటెంటు మంజూరు."

వకీలు ఏదో అనబోయాడు. "పేటెంటు మంజూరు!" అని అధ్యక్షులు రెండోసారి అని, దుప్పటితోనే తన గదికి వెళ్ళిపోయారు.

ఉత్తరువు టైపు చేయించి, ముద్ర వేసి నేనే తెచ్చి ఇచ్చాను. శేషారత్నం వరండాలో బల్లమీద కూర్చుని దాన్ని రెండుసార్లు చదివింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత నవ్వింది.

"మీతో జెప్తే ఏం గానీ సారూ," అంది, "ఇది తట్టినరోజు నాక్కూడా ఒళ్ళు మండింది. వానొస్తావుంటే మిద్దె మీద దండెం మీద నుంచి దుప్పటి లాగుతున్నా. కొసొచ్చి చేతిలో పడింది. తల బాదుకున్నా. పుట్టినకాడ్నుంచి కళ్ళ ముందర వేలాడతానే ఉంది గదా, ఇంత తేలికైంది మా అమ్మ భుజాలు పొయ్యేలోపల ఎందుకు కనపళ్ళేదా అని."

ఆవిష్కర్త స్వయంగా "ఇంత తేలికైంది" అన్నప్పుడు ఆ మాటను అక్కడికక్కడ నమోదుచేసి, ఉత్తరువును పునఃపరిశీలనకు పంపడం పరిశీలనాధికారి విధి. నిబంధనలో స్పష్టంగా ఉంది. ఆ నిబంధన రాసినవాణ్ణి కూడా నేనే.

కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను. ఒంగోలు బస్సులు ఇప్పుడు పాత స్టాండు నుంచి కాకుండా కొత్త స్టాండు నుంచి బయల్దేరుతున్నాయని చెప్పి, ఆమెను ఆటో ఎక్కించి వచ్చాను.